సోఫాలో నీ మూల

రోయ్స్ అన్నయ్యా,

నువ్వు టీవీ ముందు కూర్చుంటే చాలు మన కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టు ఓడుతోందని, జనవరిలో నిన్ను మంచు కురుస్తుంటే వరండాలోకి తరిమింది నేనే. నువ్వు అటునుంచి అటే వెళ్లిపోయావు. తర్వాత వరసగా పదకొండు ఆటలు గెలిచాం. నా మాటే నిజమైందని మురిసిపోయి, నీకు ఫోన్ కూడా చెయ్యలేదు.

అమ్మ ఇంకో వారం ఉండటం కూడా కష్టమని డాక్టరు చెప్పేశాడు. శనివారం టోర్నమెంటు మొదలు. నిన్న టీవీ పెట్టబోతే అమ్మ కట్టెయ్యమంది.

"ఓడితే ఓడనీరా, పెద్దాణ్ణి పిలువు. వాడు పక్కన లేకుండా నేను ఒక్క బంతి కూడా చూడను."

ఇప్పుడు నువ్వు ఫోన్ ఎత్తడం లేదు. అందుకే ఈ కాగితం నీ తలుపు కిందనుంచి తోస్తున్నాను. నీ కాళ్లు పట్టుకుంటాను, రా. సోఫాలో నీ మూల ఖాళీగానే ఉంది. ఈసారి వరండాలోకి నేను వెళతాను.

నీ తమ్ముడు