నీళ్లపై నల్లటి మెడ

మాఘ బహుళ పంచమి, ఆదివారం

సాయంత్రం మా ఆవిడతో పార్కుకు వెళ్లాను. కుంట చుట్టూ మోకాళ్ల ఎత్తున ఎండుటాకులు. నీళ్లలో పాము తలెత్తి వస్తోందనుకుని, ఆమె ముందు నా ధైర్యం చూపించుకోవాలని రాయి విసిరాను. గురి తప్పలేదు. తేలిన ఆకుల మధ్య రెక్కలు కొట్టుకున్నది పాము కాదు, పొడుగు మెడ నల్లపిట్ట.

ఆకులు ఊడ్చే మల్లవ్వ చీపురు పడేసి నీళ్లలోకి దిగింది. దాన్ని ఒడిలో వేసుకుని వచ్చేసరికి మెడ వాలిపోయింది.

"గిది పాముపిట్ట సారూ. మెడొక్కటే పైకి పెట్టి ఈదుతది. దినాం గీడనే చేపలు పడ్తది. మీకు ఎర్కలేదా?"

"ఎర్కలేదు," అన్నాను.

మా ఆవిడ నన్ను వదిలి ముందుగా ఇంటిదారి పట్టింది. బడిలో నేను పాఠాలు చెప్పే తరగతి గోడకు వేలాడుతున్న పాముపిట్ట బొమ్మ నేను గీసిందే. దాని మెడకు నల్లరంగు వేసింది మా ఆవిడే.