లక్ష్మీపురం మలుపు

ప్రత్తిపాడు,
ఆదివారం.

తమ్ముడు మార్క్‌కి,

ప్రభువు నిన్ను ప్రాణాలతో కాపాడాలని వేడుకుంటూ అక్క రాస్తున్నది. ఇక్కడ మేమంతా ఉన్నాం. అమ్మ లేచి తిరుగుతోంది.

నువ్వు అడిగినవి ముందు చెబుతాను. అమ్మ బీపీ మాత్రలు మానలేదు. మిరపకాయలు కోయించి కల్లంలో ఆరబోశాం. ఎండ బాగానే కాస్తోంది. చర్చిలో అందరూ నీ గురించే అడుగుతున్నారు.

జైల్లో అన్నం ముట్టడం లేదటగా. బెయిలు కాగితం చూడను కూడా చూడనన్నావని లాయరు గారు చెప్పారు. ములాఖత్‌కి వస్తే నన్ను చూడనని కబురు పంపావు. గేటు దగ్గరే కూలబడ్డాను రా. నన్నేం చెయ్యమంటావు?

ఆ రోజు కార్ల రేసు నేను ఆ మలుపు పక్కనున్న మేడ మీంచి చూశాను. లక్ష్మీపురం మలుపులో నీ కారుకి బ్రేకు పడలేదు. ఎడమ పక్కంతా జనం. వాళ్ళ మీదికి పోకూడదనే కుడివైపు గోడకేసి తిప్పావు. రేసుకి జెండా ఊపే బుల్లయ్య గారు అక్కడే నిలబడ్డారని నీకెలా తెలుస్తుంది?

"ఆయన ఎలా ఉన్నారక్కా?" అని పోయిన ఉత్తరంలో కూడా అడిగావు. కోలుకుంటున్నారని రాశాను. అబద్ధం రా. ఆస్పత్రిలో ఆయనకి స్పృహే రాలేదు. పోయారు. నువ్వేమైపోతావోనని లాయరు గారూ నేనూ దాచాం.

దినం అయిన మర్నాడు ఆయన భార్య వెంకటరావమ్మ గారు పొన్నూరు నుంచి ఒక్కరే మనింటికి వచ్చారు. అమ్మ ఆవిడ కాళ్ళ మీద పడబోయింది.

"లేవండి. అంబులెన్సు వచ్చేదాకా మీ అబ్బాయి మా ఆయన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడంట. ఆయన ఏదో చెప్పారంట. చుట్టూ ఉన్నవాళ్ళకి వినపడలేదంట."

"వాడి మీద కోపం లేదా అమ్మా?" అని ఆవిణ్ణి అడిగాను.

"ఎందుకుండదు? రోజూ తిట్టుకుంటున్నా. కానీ ఆ మాటేంటో నాకు కావాలి."

మంచినీళ్ళు కూడా ముట్టకుండా వెళ్ళిపోయారు.

మంగళవారం ఆవిణ్ణి వెంటబెట్టుకుని వస్తున్నాను. నా మొహం చూడకపోతే మానెయ్. ఆవిణ్ణి మాత్రం గేటు బయట నిలబెట్టకు. నీ కాళ్ళు పట్టుకుంటాను, ఈ లోపల రెండు ముద్దలు తిను. ఆవిడ ముందు కూర్చుని చెప్పడానికి గొంతు లేవాలి కదరా. ఆ మాట విన్నవాడివి నువ్వొక్కడివే.

ఇట్లు,
నిన్ను చంకనెత్తుకుని పెంచిన అక్క,
శాంతి