పాట పాడవలేదక్కా

అక్కా,

నువ్వు వెళ్ళిపోయి ఏడాదైందని నిన్న మండపేటలో మనింట్లో ప్రార్థన పెట్టుకున్నాం. నీ ఫోన్ అమ్మేసే ముందు నేను కాపీ చేసి దాచిన, నువ్వు పాడిన కీర్తనను కంప్యూటర్‌లో వినిపిస్తానని అందరికీ చెప్పాను. విండోస్ బదులు నా కంప్యూటర్‌లో వేసుకున్న లినక్స్‌కు చేతకానిది లేదని బావ దగ్గర గొప్పలు కూడా పోయాను.

తీరా పాస్టరు గారు "పెట్టు బాబూ" అనేసరికి అది పలకలేదు. ఫోన్‌లో రికార్డయిన ఆ రకం ఫైలును చదివే సాఫ్ట్‌వేర్ నా కంప్యూటర్‌లో లేదు. ఆ మాట అందరి ముందూ చెప్పడానికి నామోషీ వేసి, "ఫైలు పాడైపోయిందండీ" అనేశాను.

"అయితే దాని గొంతు ఇక లేనట్టేనా?" అని అమ్మ బావను అడిగింది. నేను కంప్యూటర్ ఆపేశాను.

ఈ ఉదయం నెట్ సెంటర్‌కు వెళ్ళి ఆ సాఫ్ట్‌వేర్‌ను సీడీలో తెచ్చి ఎక్కించాను. నీ గొంతు ఖంగున పలికింది. అమ్మ వంటింట్లోంచి తడి చేతులతోనే వచ్చి, పాట అయ్యేదాకా స్పీకరు పక్కన నిలబడింది.

"నిన్న పాడైపోయిందన్నావు కదరా?"

"ఫైలు బాగానే ఉందమ్మా. నా కంప్యూటర్‌కే దాన్ని చదవడం రాలేదు. పరువు పోతుందని అలా అన్నాను."

అమ్మ కళ్ళు ఇంకా ఉబ్బే ఉన్నాయి.

"ఆ మాటేదో నిన్నే చెప్పుంటే కాసేపు నిద్రపోయేదాన్ని కదరా," అంది. తర్వాత మళ్ళీ పెట్టమంది.