గోడ మీద రెండు బెల్లులు

చిట్టితల్లీ, నేను ఎడిటర్నయ్యానే!

అవునమ్మా, మీ నాన్నే. ముప్పై ఏళ్లు బస్సులో టిక్కెట్లు చింపిన చేతికి ఎర్ర పెన్ను ఇచ్చారు. ఆ సంబరంలో దీవెనలు రాయడమే మరిచాను చూడు, ఇప్పుడు అందుకో. నీకూ, అల్లుడుగారికీ, చంటిదానికీ నిండు నూరేళ్లు. ఇక్కడ నేను కులాసా. మీ అమ్మ కూడా కులాసాయే, అంటే ఒంట్లో. మిగతాది తర్వాత రాస్తాను.

ముందు నీ ప్రశ్నలకి జవాబులు. కంటి ఆపరేషన్ బాగా కుదిరింది, చీమ కాళ్లు కూడా కనిపిస్తున్నాయి. వంటింటి కుళాయి కారడం మానేసింది. మోకాళ్లు వాటి పాటికి అవి మూలుగుతున్నాయి, నేను పట్టించుకోవడం లేదు. "అమ్మ ఫోన్లో ముక్తసరిగా మాట్లాడుతోందేం నాన్నా" అని రాశావు. అదొక్కటీ అడక్కుండా ఉండాల్సింది. కాస్త ఆగు.

మా రిటైరైన బస్సువాళ్ల సంఘం నెలనెలా నాలుగు పేజీల పత్రిక వేస్తుంది కదా. పాత ఎడిటరు ఊరు మారిపోయాడు. మీటింగులో "ఈమధ్య కొత్త కళ్లు వచ్చినవాడెవడు?" అన్నారు. అందరూ నా వైపు చూశారు. అంతే! నేను చదివింది ఎనిమిదో తరగతే బాబూ అన్నాను. "టిక్కెట్ లేనివాణ్ణి దింపడం వచ్చుగా, అదే ఎడిటరు పని" అన్నాడు ప్రెసిడెంటు.

కానీ తల్లీ, ఆ పనేంటో నాకిప్పటికీ అంతుపట్టలేదు. రాసేది ఒకళ్లు, అచ్చేసేది ఒకళ్లు, చదివేది ఇంకొకళ్లు. మధ్యలో నేనెవర్ని? ఒకాయన "నా అక్షరం ముట్టుకుంటే ఊరుకోను" అంటాడు. ఇంకొకాయన "ఏదో గీకాను, నువ్వే నిలబెట్టాలి" అని కాగితాలు ఒళ్లో పడేసి పోతాడు. ప్రెస్సాయన్ని అడిగితే, "తప్పు ఎవరిదైనా తిట్లు మీకండీ, అదీ ఎడిటరంటే" అన్నాడు. అప్పుడు నవ్వాను.

మొదటి సంచికకి సంఘం డబ్బాలో ఒక వ్యాసం పడింది. టైపు చేసిన కాగితం, పేరు లేదు, 'ఒక కండక్టరు భార్య' అని మాత్రం ఉంది. అబ్బ, ఏం రాసిందమ్మా! ఆవిడ మొగుడు రిటైరయినా ఇంట్లో కండక్టరేనట. బస్సుని కదిలించడానికి కొట్టినట్టు, చేత్తో గోడ మీద రెండు బెల్లులు కొడితే కాఫీ బయల్దేరాలి. ఒక బెల్లు కొడితే ఆవిడ మాట ఆగాలి. వంటింట్లో ఉన్నది ఆవిడొక్కతే అయినా "జరగండి, ముందుకు జరగండి" అంటాడట!

పడీ పడీ నవ్వాను. ఇది మన విజిల్ గాడే అనుకున్నాను. నాతో పనిచేసిన కండక్టరు, భార్యని ఈల వేసి పిలుస్తాడే, వాడు. మీ అమ్మకి పైకి చదివి వినిపించి, "ఇలాంటి మొద్దుతో ఆ ఇల్లాలు ఎలా వేగుతోందో!" అన్నాను.

"ఆవిడకే తెలియాలి" అంది మీ అమ్మ.

కళ్లు తుడుచుకుని, కాఫీ కోసం గోడ మీద రెండు కొట్టాను. తెచ్చిచ్చింది. అప్పుడైనా తట్టలేదే నాకు!

ప్రెస్సాయన చోటు చాలదన్నాడు. నవ్వంతా పైన ఉంది, చివర పేరా కాస్త దిగులుగా ఉంది, పోతే పోనీ అని దాన్ని కోసేశాను. ఎడిటరంటే కోసేవాడే అనుకున్నాను మరి.

పత్రిక వచ్చింది. అందరూ ఆ వ్యాసమే చదివారు, అందరూ నవ్వారు. మీ అమ్మ కూడా చదివి, "చివరి ముక్క ఏదీ?" అంది.

"చివరి ముక్క ఉందని నీకెలా తెలుసు?"

చూసింది చూడు ఒక చూపు! పైవాటా టీచరమ్మ చేత టైపు చేయించిందట. ఆ మొద్దుని నేనేనే తల్లీ. కోపం వచ్చిందా అంటే రాలేదు. నా పెళ్లాం ఇంత బాగా రాస్తుందా అని ఒళ్లు పొంగిపోయింది. అదే అన్నాను కూడా. ఆవిడ మాత్రం మొహం తిప్పుకుంది. "తిట్టించుకున్నవాణ్ణి నేను, అలగాల్సింది నేను కదా?" అంటే, "తిట్లు ఉంచి అసలు మాట పారేశారు. ఒక్క మాట అడగనైనా లేదు" అంది. నీ ప్రశ్నకి జవాబు ఇదీ.

కోసిన ముక్క వెతికి మళ్లీ చదివాను. "ఆయన ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ ఇల్లు ఆగిన బస్సులా కదల్లేదు. లేవబుద్ధే కాలేదు. చివరికి నేనే గోడ మీద రెండు బెల్లులు కొట్టుకుని లేచాను." అంతే రాసింది.

ఇప్పుడు చెప్పు, ఏం చేయాలి? దాన్ని వేస్తే, రేపు ఆ మొద్దు ఎవరో బయటపడ్డాక ఎడిటరు తన డప్పు తనే కొట్టుకున్నాడంటారు. వేయకపోతే రాసినావిడకి అన్యాయం. ఈలోగా విజిల్ గాడు వచ్చి, "అందరూ నేనే అనుకుంటున్నార్రా! మా ఆవిడేమో 'నేను రాయలేదు గానీ, రాయాల్సింది' అంటోంది" అని మొత్తుకున్నాడు. ప్రెసిడెంటు వదిలేయమంటాడు. ప్రెస్సాయన క్షమాపణ వేయమంటాడు. నా బుర్ర తిరిగిపోయింది.

ఆఖరికి వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. చెయ్యి గోడ మీదికి పోబోతే వెనక్కి లాక్కున్నాను. "రచయిత్రిగారూ, మిమ్మల్ని అడక్కుండా మీ ముక్క కోశాను. తప్పయింది. ఏం చేయమంటారు?"

కూర తరుగుతూనే, "వేయండి. నా పేరుతోనే వేయండి. ఆ మొద్దు ఎవరో కూడా వేయండి" అంది.

"నవ్వుతారే!"

"నవ్వనీండి. అది మీ డప్పు కాదు, నా మాట."

ప్రెస్సుకి ఇచ్చేసి వచ్చాను. మీ అమ్మ రచయిత్రి, నేను మొద్దు, ఇద్దరం ఒకే పేజీలో. నా పరువు పోయిందో పెరిగిందో అర్థం కావడం లేదు గానీ, సంతోషం మాత్రం ఆగడం లేదు.

అందుకని, నేను ఎడిటర్నయిన సంగతి పక్కన పెట్టు. అమ్మ రాసిన సంగతి ముందు అందరికీ చెప్పు. మొదట మీ పిన్నికి, లేకపోతే అలుగుతుంది. తర్వాత మీ పెద్ద మేనత్తకి. మా పెళ్లినాడు "పిల్లకి నోట్లో నాలుక లేదు" అంది కదా, ఆవిడకి కాస్త గట్టిగా చెప్పు. మీ మేనమామకి. మీ అత్తగారికీ మామగారికీ. చంటిదానికి, అర్థం కాకపోయినా సరే. మీ పెదనాన్నకి... ఆగాగు. గోడ అవతల నుంచి మీ అమ్మ రెండు బెల్లులు కొట్టింది. కాఫీకే అయ్యుంటుంది. మిగతావాళ్లకి నువ్వే చెప్పు తల్లీ, నేను బయల్దేరాలి.

ఇట్లు,
మీ అమ్మగారి ఎడిటరు,
నాన్న