బోణీ ధర

పాలెం,
ఆదివారం సాయంత్రం.

మామా,

ఈ ఉత్తరం చూసి నవ్వుకుంటావేమో, ఫోను చేతిలో పెట్టుకుని దీనికి ఈ పిచ్చేంటని. నీ ఫోను సముద్రంలో పడిపోయినప్పటి నుంచి మీ బోటు డ్రైవరు ఫోనుకే కదా నేను చేస్తున్నది. అక్కడ స్పీకరు పెట్టుకుని పదిమంది వింటూ ఉంటే, ‘అత్త బాగుంది, నేను బాగున్నాను, కొట్టు బాగుంది’ అనడం తప్ప ఇంకేమనను? అందులో అత్త బాగుండడం ఒక్కటే నిజం. కొట్టు మునిగిపోయింది మామా. పోయిన బుధవారం మూసేశాను.

నువ్వు మంగుళూరు బోట్లు వదిలి ఇంటికి రావాలనే కదా ఆ కొట్టు పెట్టుకున్నాం. మన పాలెం ఆడవాళ్ళు ఎండబెట్టిన రొయ్యలూ నెత్తళ్ళూ నేనే ఇంటర్నెట్టులో నేరుగా అమ్మితే, సూళ్లూరుపేటలో జీవానందం గారి గోడౌనుకు అడ్డగోలు ధరకు పోసే బాధ తప్పుతుందనీ, కాస్త నిలదొక్కుకున్నాక నువ్వొచ్చి సరుకు కొనడం చూసుకుంటే నేను ప్యాకింగూ ఆర్డర్లూ చూసుకుంటాననీ ఎన్ని రాత్రులు చెప్పుకున్నాం! మొదటి ఏడాది బాగానే నడిచింది. అది అబద్ధం కాదు.

ఆ కొట్టు తెరిచిన రోజు అత్త నా పక్కన పీట వేసుకుని కూర్చుంది. అంతా చూసి, “ఇందులో బోణీ యాడుండాదే?” అంది. “కంప్యూటర్లో పెడితే మాత్రం, బోణీ లేకుండా కొట్టేందే? నేను పేటలో చేపల గంప దించినాక మొదట వచ్చినామె ఎంత అడిగితే అంతకిచ్చినా. బోణీ బేరం తిప్పి పంపితే ఆ పొద్దంతా ఈగలు తోలుకోవాల్సిందే.” ఆమె పోరు పడలేక, సరదాకే అనుకో, బోణీ కూడా పెట్టాను. పొద్దున వచ్చే మొదటి ఆర్డరుకు మాత్రం కిలో ఎండు రొయ్యలు నాలుగొందల యాభై. ఆ ఒక్క ఆర్డరు పడగానే ధర మళ్ళీ ఏడొందలకు వెళ్ళిపోతుంది. జనానికి భలే నచ్చింది. పొద్దున్నే లేచి బోణీ కోసం పోటీ పడేవాళ్ళు. హైదరాబాదు నుంచి ఒకామె, “బోణీ అన్న మాట విని ఎన్నాళ్ళయిందమ్మా” అని రాసింది కూడా.

ఆ బోణీయే మెడకు చుట్టుకుంది. ధరలు పోల్చి చూపించే సైటు ఒకటుంది. ఏ వస్తువు పేరు కొట్టినా, అది ఏ కొట్లో ఎంతకు దొరుకుతుందో వరసగా చూపిస్తుంది. అందరికంటే తక్కువకు ఇచ్చేవాళ్ళు పైన ఉంటారు. రెండు నెలల కిందట ఎవరో మన కొట్టును తీసుకెళ్ళి అందులో చేర్చారు. ఎండు రొయ్యలు కిలో నాలుగొందల యాభై అని రాశారు. బోణీ అన్న మాటే లేదు. ఇంకేముంది, జనం ఎగబడ్డారు. లోపలికొచ్చి చూస్తే ఏడొందలు. ఒక ధర చూపించి ఇంకో ధర గుంజుతారా, సిగ్గులేదా అని ఫోన్లు. మాట పోతుందని ఒక వారం అందరికీ ఆ ధరకే పంపాను. సరుకిచ్చే ఆదిశేషమ్మకూ తక్కిన ఆడవాళ్ళకూ నేనిచ్చేదే కిలోకు ఐదొందల యాభై. పంపే కొద్దీ మునిగాను. ఇక నావల్ల కాక ఆపేసరికి, సైటు వాళ్ళు మన పేరు పక్కన ‘ఈ కొట్టు ధర నమ్మదగినది కాదు’ అని ఎర్రటి గుర్తు పెట్టారు. ఆ గుర్తు చూశాక పాతవాళ్ళు కూడా రావడం మానేశారు. నేను బోణీ ధర తీసేసినా వాళ్ళ దగ్గర ఆ అంకె అలాగే ఉండిపోయింది. మార్చమని ఎన్నిసార్లు రాసినా ఒకటే జవాబు: “మీ కొట్టు తరఫునే వివరాలిచ్చారు, ఇచ్చినవాళ్ళే మార్చాలి.” ఎవరిచ్చారయ్యా అంటే పేరు చెప్పరు.

నా బుర్రకు ఒక్కరే తట్టారు. మన కొట్టు వచ్చాక సరుకు తగ్గి దెబ్బతిన్నది జీవానందం గారే కదా. నేరుగా పేటకు పోయి ఆయన గోడౌను ముందు నిలబడ్డాను. “ఆడదాని కడుపు కొట్టేదానికి నీకు మనసెట్టా ఒప్పింది?” అని అరిచాను. ఆయన బిత్తరపోయాడు. “ఏసయ్య సాక్షిగా చెప్తుండా రేవతమ్మా, ఆ సైటు పేరే నాకు తెల్దు,” అన్నాడు. నేను వింటేగా! నా నోరు సంగతి నీకు తెలుసు. బజారంతా గుమికూడింది. చివరికి ఆయన తలుపు వేసుకుంటూ, “ఇంక మీ పాలెం సరుకు నాకొద్దు,” అనేశాడు. అన్నట్టే కొనడం మానేశాడు.

ఇప్పుడు మన ఆడవాళ్ళకు నా కొట్టూ లేదు, ఆయన గోడౌనూ లేదు. రొయ్యలు ఇళ్ళల్లో మెత్తబడిపోతున్నాయి. ఆదిశేషమ్మ నిన్న దారిలో ఆపి, “నీ కొట్టు నువ్వు మూసుకుంటివి. మా పొయ్యిలు ఎందుకు మూయించినావమ్మా?” అంది. తల దించుకుని వచ్చేశాను.

అందుకని మామా, రాయడానికి చెయ్యి రావడం లేదు కానీ రాస్తున్నాను. నువ్వు ఇప్పుడప్పుడే రావద్దు. మేస్త్రీతో మాట్లాడి ఇంకో రెండు సీజన్లు ఉండు. నేను నాయుడుపేట దారిలో రొయ్యలు ఒలిచే కంపెనీలో చేరుతున్నాను. మీ బోటులో చోటుందని కబురొచ్చి మన పాలెం సమాధానం అన్న రేపు బండెక్కుతున్నాడు. ఈ ఉత్తరం ఆయన చేతికే ఇస్తున్నాను. ఆ పని చేసినవాడెవడో గానీ, వాడి వల్ల మొగుడూ పెళ్ళాం ఒక చోట ఉండే రాత లేకుండా పోయింది. వాణ్ణి నేను ఈ జన్మలో క్షమించను.

నీ
రేవతి

మంగుళూరు రేవు,
మంగళవారం.

రేవతికి,

చిన్నపోలయ్య వాళ్ళ మేనకోడలి పెళ్ళికని ఊరికొస్తున్నాడు. ఆయన చేత ఈ కాయితం పంపిస్తుండా. నా రాత సంగతి తెలిసిందే, తప్పులుంటే సర్దుకో. అమ్మకు కూడా చదివి వినిపించు.

ఈ పొద్దు వేటకు పోతున్నాం. వచ్చే వారం గురువారం రేవుకొస్తాం. ఇదే నాకు ఆఖరు ట్రిప్పు. మేస్త్రీకి చెప్పేసినా. నా చోటులోకి సమాధానం అన్నను పిలిపించినా. లెక్క చూసుకోని శుక్రవారం బండెక్కేస్తా. పోయిన ట్రిప్పులో వల దించేటప్పుడు తాడు నా కాలికి చుట్టుకోని నీళ్ళలోకి లాక్కుపోయింది. డ్రైవరు ఇంజను ఆపబట్టి బతికినా. ఫోనులో నీకు చెప్పలా, భయపడతావని. అప్పట్నించీ రాత్రుళ్ళు నిద్ర పట్టడంలా. ఇంక ఈ నీళ్ళు నాకు పడవు రేవతీ. మనకు కొట్టుండాది, అది చాలు.

కొట్టంటే గుర్తొచ్చింది. నీకు తెలీకుండా ఒక దొంగపని చేసినా. వచ్చినాక చెప్పి నీ మొహం చూడాలనుకున్యా గానీ కడుపులో దాగడంలా. రెండు నెలల కింద రేవులో ఉన్నప్పుడు డ్రైవరు తన ఫోనులో ఏదో సైటు చూపించినాడు. అన్ని కొట్ల ధరలూ ఒకచోట పెడతారంట, దేశమంతా చూస్తారంట. మన కొట్టు పేరు, ఫోటో, అన్నీ నేనే దగ్గరుండి ఎక్కించినా. ధర ఎంత అని అడిగింది. మొదట ఏడొందలు కొట్టి, మళ్ళీ చెరిపేసినా. మా అమ్మ కొడుకుని, నాకు తెల్దా? కొట్టుకు కళ బోణీ ధరే గదా! నాలుగొందల యాభై పెట్టినా. బోణీ చూసి వచ్చినోళ్ళు ఊరికే పోతారా, ఇంకేదన్నా కొనకుండా?

నువ్వు ఫోనులో ‘కొట్టు బాగుంది’ అన్నప్పుడల్లా నాలో నేను నవ్వుకుంటుండా. ఎవురి పుణ్యమే పిచ్చిదానా అనుకుంటుండా. జనం ఎక్కువైపోయి నీ చేతులు నొప్పి పుడతా ఉంటే ఇంక పది దినాలు ఓర్చుకో. నేనొచ్చి మూటలు కడతా.

అమ్మను అడిగినానని చెప్పు.

పెంచల్

పాలెం,
సోమవారం.

సమాధానం అన్నకు చెల్లెలు రేవతి దండం పెట్టి రాస్తున్నది.

నీ ఫోను పిల్లల కోసం ఇంట్లోనే వదిలి వెళ్ళావని వదిన చెప్పింది. డ్రైవరు ఫోను సముద్రంలో ఉన్నన్నాళ్ళూ కలవదు. చిన్నపోలయ్య రేపు తిరిగి వస్తున్నాడని ఈ కవరు అంటించి ఇస్తున్నాను. నోటిమాటగా చెప్పి పంపుదామంటే అతని నోట్లో నువ్వుగింజ నానదు. ఇది నువ్వొక్కడివే చదువు.

నువ్వు బయల్దేరేటప్పుడు నీ చేతికిచ్చిన ఉత్తరం ఆయనకు ఇవ్వొద్దన్నా. నీ కాళ్ళు పట్టుకుంటాను. గురువారం బోటు రాకముందే దాన్ని చింపి నీళ్ళలో పారెయ్. మా ఇంటి నుంచి ఉత్తరమే రాలేదని చెప్పు.

ఎందుకో నీకు చెప్పక తప్పదు. మా కొట్టును ఆ ధరల సైటులో పెట్టింది ఆయనే. బోణీ ధర రాసింది ఆయనే. చిన్నపోలయ్య తెచ్చిన ఉత్తరంలో గొప్పగా రాసుకున్నాడు. అది చదవగానే నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరిని అడిగి చేశావయ్యా, నన్నొక్క మాట అడిగితే నీ సొమ్మేం పోయిందని గోడతో పోట్లాడాను. అరిచి అరిచి ఆ పైన ఏడ్చాను. నీళ్ళలో చావు తప్పించుకుని వచ్చిన మనిషి, నాకు మేలు చేశానని నవ్వుకుంటూ ఉన్న మనిషి! నేనేమో వాణ్ణి ఈ జన్మలో క్షమించనని రాసి నీ చేతికిచ్చాను. అది చదివితే ఆయన ఇంటికి రాడన్నా. ఆయన రోషం నీకు తెలుసు. ఇంకో బోటు చూసుకుని మళ్ళీ ఆ నీళ్ళలోకే పోతాడు. కొట్టు పోయినా బతకొచ్చు. కంపెనీలో ఇద్దరం రొయ్యలు ఒలుచుకుంటాం. మనిషి పోతే నేనేం చేసుకోను?

ఆయన ఉత్తరం అత్తకు చదివి వినిపించేటప్పుడు ఆ సైటు ముక్కంతా దాటేశాను. కొడుకు వస్తున్నాడని ఆమె సంబరం చూడాలి. కానీ మర్నాడు పొద్దున వాకిట్లో మళ్ళీ మొదలుపెట్టింది. కొట్టు మూసిన నాటి నుంచీ రోజూ ఇదే వరస. పడమటి దిక్కు తిరిగి దుమ్మెత్తి పోస్తూ, “మా నోటికాడ కూడు తీసినోడు మట్టిగొట్టుకపోనూ! వాణ్ణి కన్న తల్లి ఏడ్చిపోనూ!” అని తిడుతోంది. నేను పరిగెత్తుకెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. “చాలత్తా, ఎవుర్నీ తిట్టొద్దు,” అన్నాను.

“ఏందే? వాడేమన్నా నీ మొగుడా, అంతగా ఎనకేసుకొస్తుండావు?” అంది.

నోటికి ఏదొస్తే అదే చెప్పేశాను. “ఎవురూ చెయ్యలేదత్తా. మనుషులు కాదు. మనం బోణీ ధర పెట్టుకున్నాం గదా, తెల్లారుజామున మిషనే దాన్ని చూసి రాసుకుందంట. సైటోళ్ళు ఇప్పుడు చెప్పినారు.”

ఆమె చేతిలో దుమ్ము జారిపోయింది. “అయితే నా బోణీయేనా ముంచింది?” అంది. కాదని అనలేకపోయాను. అవునని కూడా అనలేదు. ఆమె లోపలికి పోయి పడుకుంది.

జీవానందం గారి దగ్గరికి పోయి, బజారులో ఎంతమంది ముందు అరిచానో అంతమంది ముందే చేతులు జోడించాను. ఆయనకూ ఇదే అబద్ధం చెప్పాను. ఆయన మంచి నీళ్ళిచ్చి కూర్చోబెట్టాడు. వచ్చే వారం నుంచి మన ఆడవాళ్ళ సరుకు తీసుకుంటానన్నాడు, మునుపటి కంటే తక్కువకే అనుకో. ఆదిశేషమ్మ అదే పదివేలంది. మా ఆయనకు కూడా, నువ్వు పంపింది ఆ సైటు వాళ్ళకు చేరనే లేదంట, అంతా మిషను చేసిందని చెప్తాను. నమ్ముతాడు. నా మాట ఎప్పుడూ నమ్ముతాడు.

ఈ పొద్దున ఏం జరిగిందో చెప్పి ఆపేస్తాను. దొరవారిసత్రం నుంచి చుట్టాలింటికి వచ్చిన ఒకామె, ఎండు రొయ్యలుంటే కావాలని మా గడప ముందుకొచ్చింది. ఇంకా ఎండ కూడా రాలేదు. ఇంట్లో మిగిలిన సరుకుంది, అత్త గడపలోనే కూర్చుని ఉంది. ఆమె ధర కాస్త తగ్గించి అడిగింది. అత్త తల కూడా ఎత్తకుండా, “లేవు పోమ్మా,” అంది. ఆమె మళ్ళీ అడిగితే, “లేవన్నా గదా, పో,” అని తలుపు మూసేసింది. జీవితంలో ఒక్కనాడూ బోణీ బేరం తిప్పి పంపని మనిషి అన్నా.

నిజం చెప్పెయ్యాలని నోటిదాకా వచ్చింది. చెబితే, ఇన్ని రోజులూ తన కొడుక్కే శాపాలు పెట్టానని ఆమెకు తెలుస్తుంది. చెప్పకపోతే ఇలా తలుపు మూసుకుని కూర్చుంటుంది. ఇద్దర్నీ కాపాడే దారి నాకు కనబడలేదు. తప్పో ఒప్పో, నేను ఆయన వైపే నిలబడ్డాను. శుక్రవారం ఆయన్ను బండెక్కించి పంపించన్నా.

నీ చెల్లెలు
రేవతి