నాలుగు వందల దగ్గర ఆపేసిన ఫోటో

ప్రియమైన మరియక్కకు,

పూనా నుంచి తమ్ముడు జోజి రాస్తున్నాను. నువ్వు, బావ, చంటిది బాగున్నారని తలుస్తాను. ఆపరేషన్ కుట్లు పూర్తిగా మానాయా? బరువులెత్తకు. నేను బాగానే ఉన్నాను, దిగులు పెట్టుకోవద్దు.

ఇక్కడ ఒకటే వాన. రెంటచింతల ఎండలో పుట్టిన ఒంటికి ఆరని బట్టలు తొడగడం నరకం. పెళ్ళి ఫోటోల స్టూడియోలో చేతినిండా పని. పూటపూటా చపాతీలే. ఎవరైనా ఇటు వస్తుంటే పండుమిరప పచ్చడి పంపు. తెలుగు మాట విని వారమైంది. అయినా బాగానే ఉన్నానులే.

అక్కా, ఫోను చేసినప్పుడల్లా "ఏందిరా, నాన్న ఫోటోలు ఇంకా కాలేదా?" అంటున్నావు. సరిచేస్తున్నానని మూడు నెలలుగా అబద్ధం చెబుతున్నాను. ఫోనులో నోరు రాక రాస్తున్నాను. పచ్చి బాలింతవి, నాన్నను చివరిసారి చూడటానికి రాలేకపోయావు. చర్చిలో శవపెట్టె చుట్టూ అందరం నిలబడి తీయించుకునే ఫోటోలోనైనా ఆయన మొహం చూసుకుంటానన్నావు. ఊళ్ళో ఎన్ని ఇళ్ళవాళ్ళకు ఆ ఫోటో నాన్నే తీశాడు! ఆయనకు మాత్రం నేను సరిగా తీయలేకపోయాను.

నేను చర్చిలో తీసింది నీ బిడ్డను తీద్దామని మా ఓనరును అడిగి తెచ్చిన కెమెరాతో. రేంజ్‌ఫైండర్ అంటారు. డిజిటలే గాని, పాతవాటిలాగా రింగు తిప్పి చేత్తో ఫోకస్ కుదుర్చుకోవాలి. నాన్న ఫోటోల్లాగే రావాలని ఐఎస్ఓ, అదే వెలుతురు తక్కువైతే పెంచుకునే అంకె, నాలుగు వందల దగ్గర పెట్టాను. చర్చిలో ఆయన వాడింది ఎప్పుడూ నాలుగు వందల ఫిల్మే కదా. ఆయన దానికి ఫ్లాష్ వేసేవాడన్న సంగతి నాకు తట్టలేదు. లోపల వెలుతురు లేదు. షట్టరు నెమ్మదిగా పడింది, ఆలోగా కెమెరా కదిలింది. పదకొండు ఫోటోల్లో ఒక్కదాంట్లోనూ నాన్న మొహం లేదు, అలుక్కుపోయింది. చేతులారా పోగొట్టాను. తిట్టు అక్కా, పడతాను.

కవర్లో ఒక ఫోటో పెట్టాను. నాన్న గుండె ఆగడానికి నాలుగు రోజుల ముందు, మన వంటింట్లో, ఐఎస్ఓ మారుస్తూ ఆయన్నే తీసి చూశాను. బాగా పెంచితే చుక్కలు పడుతున్నాయి నాన్నా అన్నాను. "పడితే పడనీరా! ఫిల్ముకి మాత్రం లేవా చుక్కలు? చీకట్లో తీసేటప్పుడు వాటిని లెక్కబెడతారంట్రా? ముందు మొహం ఉండాల" అని కసిరాడు. నవ్వి ఊరుకున్నాను. చర్చిలో ఆయన మాట వదిలేసి ఆయన ఫిల్మును పట్టుకున్నాను.

అత్తమ్మగారికి, మామగారికి నా నమస్కారాలు చెప్పు. చర్చిలో నాన్న ఏడాది పూజకు తప్పకుండా వస్తాను. అమ్మ లేని ఇంట్లో పెద్దదానివి, నీ దీవెన నాకుండాలి. ఫోను చేసి ఎంతైనా తిట్టు, మాట్లాడటం మాత్రం మానకు.

చంటిదానికి ఆ ఫోటో చూపించి తాత అని చెప్పు. ఐఎస్ఓ మూడు వేల రెండు వందలకు పెంచి తీసింది, మొహం నిండా ఇసుక చల్లినట్టు చుక్కలే. కానీ గడ్డం మాసి, నోరు తెరిచి నన్ను కసురుతున్నది నాన్నే.

నీ తమ్ముడు,
జోజి