సుభానీ తీసేసిన ఫొటో

చీమకుర్తి,
18-2-2007.

అమ్మకు నగ్మా సలాములు.

నేనిక్కడ కులాసా. నువ్వూ నాన్నా కులాసాగా ఉన్నారనే అనుకుంటున్నాను. నాన్న దగ్గు మాత్రం కులాసాగా ఉండకూడదు, దూది ఏకేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకోమను. నువ్వడిగావు కదా, రాతి దుమ్ముకి నేనూ కట్టుకుంటున్నాను. హాస్టల్లో అన్నం బాగానే ఉంటోంది. నువ్విచ్చిన గోంగూర పచ్చడి మాత్రం నా రూమ్మేట్లే ఖాళీ చేశారు.

నీ కూతురు అక్కడేం పని చేస్తుందని లాల్‌బీ పిన్ని అడిగితే "కంప్యూటరు" అని ఊరుకున్నానని రాశావు. ఈసారి గట్టిగా చెప్పమ్మా. మాది క్వారీల్లో దెబ్బలు తగిలినవాళ్ళకి వైద్యం చేయించి, కాళ్ళు పోతే పెట్టుడు కాళ్ళు ఇప్పించి, ఏదో ఒక పని నేర్పించే సంస్థ. మా గురించి అందరికీ తెలియాలని ఇంటర్నెట్టులో ఒక వెబ్‌సైటు ఉంది. ఇదివరకు అందులో ఒక్క మాట మార్చాలన్నా, దాన్ని తయారుచేసినాయన చుట్టూ తిరగాల్సి వచ్చేది. ఇప్పుడు జూమ్లా అని, వెబ్‌సైటుని మనమే మార్చుకోగలిగే సాఫ్ట్‌వేరు ఒకటి దొరికింది. మన పరుపుల పనిలా అనుకో. గలేబు ఎవరో కుట్టి ఊరికే ఇచ్చారు, దూది మనం నింపుకోవడమే. దాన్నెలా కుట్టారో కూడా దాచుకోరు, కావాలంటే విప్పి మన కొలతకి మళ్ళీ కుట్టుకోవచ్చు. ఊరూ పేరూ తెలియనివాళ్ళు ఎక్కడెక్కడో కూర్చుని ఇలాంటివి చేసి పంచుతున్నారంటే నాకింకా ఆశ్చర్యమే.

దీన్ని కనిపెట్టి మాకు తెచ్చిపెట్టింది సుభానీ. మా కంప్యూటరు మాస్టరు. నాలుగేళ్ళ క్రితం క్వారీలో బండ దొర్లి కుడికాలు మోకాలి కింద పోయింది. పాత వెబ్‌సైటు తెరవగానే అతని ఫొటోనే కనిపించేది. ఆసుపత్రి మంచం మీద, కట్టుతో, కళ్ళ నిండా నీళ్ళతో. తీసేయమని ఎన్నోసార్లు అడిగాడట, ఎవరూ పట్టించుకోలేదు. కొత్తది మా చేతికొచ్చిన రోజు అతను చేసిన మొదటి పని ఆ ఫొటో తీసెయ్యడం. పక్కనే కూర్చున్నాను. ఒక్క నొక్కు నొక్కి, "అమ్మయ్య, ఇవాళ్టికి ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాను" అన్నాడు.

మా పెద్దసారు వెంకటనారాయణగారు మంచివారే గానీ, అది చూసి మండిపడ్డారు.

"ఎవర్నడిగి తీశావయ్యా? ఆ ఫొటో చూసేగా జనం మనసు కరిగేది! రేపు ఇంకొకడికి కాలు కావాలంటే ఎవరిస్తారు?"

"నిజమేనండి. కానీ నా క్లాసుకొచ్చే పిల్లలు కూడా దాన్నే చూస్తున్నారండి," అన్నాడు సుభానీ మెల్లగా.

సారు వినలేదు. మళ్ళీ పెట్టమన్నారు. అతను తలొంచుకుని మౌస్ పట్టుకున్నాడు. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "సార్, మీ ఫొటోనేమో కోటుతో ఉంది. ఎవరి ఫొటో వాళ్ళ ఇష్టం కాదాండీ?" అనేశాను. అన్నాక ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

అప్పుడే కుట్టుమిషన్ల గదిలోంచి గురవమ్మ వచ్చింది. క్రషర్లో వేళ్ళు పోయిన మనిషి, ఇప్పుడు జాకెట్లు కుడుతోంది. గొడవేంటని అడిగి, తన ఫొటో కూడా అందులో ఉందని తెలిసి చూపించమంది. చూసి సారు వైపు తిరిగింది.

"అయ్యా, నన్నడక్కుండా నా ఏడుపు ఊరోళ్ళందరికీ చూపిచ్చారా? ఇప్పుడు నవ్వుతున్నా గదా, ఇది పెట్టండి."

సారు కుర్చీలో కూలబడ్డారు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "తప్పే గురవమ్మా. అడగాలని తోచనే లేదు" అన్నారు. ఆ రోజు నుంచి ఎవరి పేజీ వాళ్ళదే. వాళ్ళు చెబుతారు, నేను తెలుగులో టైపు చేస్తాను, సుభానీ అమరుస్తాడు. మర్నాడు గురవమ్మ పట్టుచీర కట్టుకుని, తలనిండా పూలు పెట్టుకుని ఫొటోకి వచ్చింది. మిషను కనపడకుండా చీరే కనపడుతోంది, అయినా అదే పెట్టాం! సారు భయపడ్డట్టు ఇచ్చేవాళ్ళెవరూ మానుకోలేదు. పైగా ఒంగోలులో ప్రింటింగ్ ప్రెస్ ఆయనొకరు చదివి, మా దగ్గర టైపు నేర్చుకున్న ఇద్దరికి పనిచ్చారు.

ఇక నరసరావుపేట సంబంధం సంగతేంటని రెండు ఉత్తరాల్లో అడిగావు. రెండుసార్లూ దాటేశాను. అమ్మా, వాళ్ళకి వద్దని చెప్పించు. నేను సుభానీని చేసుకోవాలనుకుంటున్నాను. అతను అడగలేదు, నేనే అడిగాను. "మీ అమ్మకి నా కాలు సంగతి చెప్పావా?" అన్నాడు. చెప్పలేదంటే, "ముందు అది చెప్పు, తర్వాతే నేను జవాబు చెబుతా" అన్నాడు. అందుకే ఇంత ఉత్తరం.

కోపం వస్తే రానీ, తిట్టు, పడతాను. నాన్నకి మాత్రం భోజనం అయ్యాక నువ్వే చెప్పు. నీకు ఉత్తరం రాశాకైతే వస్తానన్నాడు, వచ్చే ఆదివారం ఇద్దరం సత్తెనపల్లి వస్తాం. అతను గుమ్మం ఎక్కడానికి కాస్త టైము పడుతుంది. అప్పుడు నువ్వు కింద కాలు వైపు చూడకు. ముందు మొహం చూడు. చాలా మంచి మొహమమ్మా.

ఇట్లు,
నీ జవాబు కోసం రోజూ పోస్టుమ్యాన్ని విసిగించబోయే
నీ కూతురు నగ్మా